ఉతకని చొక్కా

జనవరి 11

ఆయన రెండు షిఫ్టులకు ఒప్పుకున్నారు. ఒప్పుకుని వచ్చాక చెప్పారు. నేను "సరే" అన్నాను. నోరు తెరిచి అనడానికి నాకు బాగా అలవాటైన మాట అదొక్కటే. మిగతావి ఈ పుస్తకంలో రాసుకుంటాను. అయిదో తరగతితో ఆగిన చదువు. అక్షరాలు వంకరగా వస్తున్నాయి, కానీ వస్తున్నాయి.

ఇక పిల్ల లేవకముందే వెళ్ళి, పిల్ల నిద్రపోయాక వస్తారట. పాత బ్యాటరీలు పగలగొట్టి, లోపలి సీసం కరిగించి దిమ్మలు పోసే షెడ్డులో పని. "కొలిమి ఆరిందంటే మళ్ళీ రాజుకోవడానికి ఒక పూట పడుతుంది. అందుకని దాన్ని ఆరనివ్వరు, మమ్మల్ని కూర్చోనివ్వరు" అని నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. పిల్ల వాళ్ళ నాన్న గుండెల మీద తప్ప పడుకోదు. ఆ మాట అనేలోపే ఆయన కంచం ముందునుంచి లేచిపోయారు.

జనవరి 14

పిల్లను పడుకోబెట్టడానికి నేనూ అత్తయ్యా చెయ్యని విద్య లేదు. "నాన్నేడీ? నాన్న చెప్పులేవీ? కాకి ఎందుకు నల్లగుంది? నువ్వెందుకు నల్లగ లేవు?" ఒకటే ప్రశ్నలు. రెండున్నరేళ్ళకే ఇన్ని మాటలా!

అత్తయ్య విసుగెత్తి, "ఓసి వాగుడుకాయా, కాసేపు నోటికి తాళం వెయ్యవే" అంది.

"తాళం ఏదీ?" అంది ఇది, చెయ్యి చాపి.

అత్తయ్య నవ్వలేక కూలబడింది. "చూశావా మూగమ్మా! నువ్వు పుట్టినప్పటినుంచి దాచుకున్న మాటలన్నీ నీ కూతురు ఒక్కతే ఖర్చుపెట్టేస్తోంది."

మూగమ్మ నేనే. కాపురానికి వచ్చిన కొత్తలో నెల్లాళ్ళు తలాడించడం తప్ప ఏమీ ఎరగనని పెట్టిన పేరు.

మధ్యాహ్నం అత్తయ్య గుండీలు కుట్టడానికి టైలరు కొట్టుకు వెళ్ళింది. నేను ఆయన విడిచిన చొక్కా భుజాన వేసుకుని పంపు దగ్గరికి వెళ్ళబోతుంటే, పిల్ల దాన్ని లాక్కుంది. ముక్కుకు ఆనించుకుని "నాన్న" అంది. కాలరు నోట్లో పెట్టుకుంది. అలాగే నిద్రపోయింది, దీపం తగ్గించినట్టు.

జనవరి 15

ఆ చొక్కా ఉతికి ఇచ్చాను. వాసన చూసి విసిరికొట్టింది. "నాన్న కాదు."

జనవరి 17

ఒక చొక్కా ఉతకకుండా మంచం కింద పెడుతున్నాను. వాసన తగ్గితే దాన్ని ఉతకడానికి వేసి, కొత్తగా విడిచింది పెడతాను. ఆయన అడగరు. చొక్కాల సంగతి ఆయనకేం తెలుసు, చేతికిస్తే తొడుక్కుంటారు. అత్తయ్యకూ చెప్పలేదు. చెప్పడానికి ఏముంది ఇందులో.

ఫిబ్రవరి 2

ఇవాళ కాలరు చప్పరిస్తూ "తియ్య" అంది.

"చెమట తియ్యగా ఉంటుందా ఎక్కడైనా?"

"తియ్యే" అని దబాయించింది. వాళ్ళ నాన్న చెమట కదా మరి.

అది పడుకున్నాక గడియ వేసి ఉందో లేదో చూసుకుని నేనూ చొక్కాలో ముఖం పెట్టుకున్నాను. పొగ, ఆసిడ్ ఘాటు, కాలిన ఇనుము, వాటి వెనక ఎక్కడో ఆయన. ఇద్దరం ఒకే గదిలో ఉంటాం, ఆయన ముఖం పగటి వెలుతురులో చూసి చాలా రోజులైంది. ఈ సంగతి ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పను. చస్తే చెప్పను.

ఫిబ్రవరి 19

పిల్ల అన్నం ముట్టడం లేదు. పొట్ట పట్టుకుని ముడుచుకుంటోంది. అత్తయ్య వాము నమిలి ఊది, "పళ్ళొస్తున్నాయేమో" అంది. ఎండలు కూడా ముదురుతున్నాయి కదా. ఎండలకే అయ్యుంటుంది.

ఫిబ్రవరి 27

కాకి వచ్చి గోడ మీద కూర్చుంది. వాగుడుకాయ దాన్ని చూసి ఊరుకుంది.

మార్చి 6

ప్రశ్నలు ఆగిపోయాయి. ఏదైనా కావాలంటే చెయ్యి పట్టుకుని లాక్కుపోతోంది, లేదా ఏడుస్తోంది. నిన్న అత్తయ్య దాని చేతిలో అద్దం పెట్టి "ఇందులో ఎవరే?" అంటే, అద్దం తిప్పి వెనక వైపు చూస్తూ కూర్చుంది.

"అంతా తల్లి పోలిక" అంది అత్తయ్య. "ఎక్కడికి పోతుంది! నాలుగు రోజులు పెట్రేగింది, ఇప్పుడు అసలు రంగు బయటపడింది. ఇంటికి ఇద్దరు మూగమ్మలు."

నాకు బాధ కలగలేదు. అదే అయ్యుంటుంది అనిపించింది. నేను కూడా చిన్నప్పుడు మాట్లాడేదాన్నని, ఉన్నట్టుండి మానేశానని మా అమ్మ అనేది. అన్నట్టే గుర్తు.

నా పోలికే.

మార్చి 13

ఆదివారం. ఆయన ఇంట్లో ఉన్నారు. టీ గ్లాసు చేతిలోంచి జారిపోయింది. మణికట్టు వేలాడేసినట్టు ఉంటోంది. షెడ్డులో తోటి పనివాడు, పొడుగాయన అంటారు, వచ్చి కూర్చుని ఆటపట్టించాడు. "వీడికి పనిలో చేతులు లేవవు వదినా, జీతం రోజు మాత్రం రెండూ లేస్తాయి."

ఆయన నవ్వినప్పుడు చిగుళ్ళ అంచున నీలం గీత కనిపించింది, పెన్సిలుతో సన్నగా గీసినట్టు. పళ్ళు బాగా తోముకోమని చెబుదామనుకున్నాను. ఇంకొకరి ఎదుట ఎలా చెప్పను.

పిల్ల నాన్న ఒళ్ళోనే ఉంది రోజంతా. చొక్కా అడగలేదు.

మార్చి 19

నీళ్ళు పడుతుంటే లోపల చప్పుడైంది. పిల్ల నేల మీద ఉంది. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ ఎవరినీ చూడటం లేదు.

ఇంక రాయలేను.

మార్చి 22

ఆసుపత్రి నుంచి వచ్చాం. పిల్ల పడిపోయిన రోజు డాక్టరమ్మ నన్ను ఏమీ అడగలేదు. ఆయన్ని అడిగారు, ఏం పని చేస్తావని.

చెప్పారు.

డాక్టరమ్మ కలం కింద పెట్టేశారు. పిల్లకీ ఆయనకీ రక్తం తీయించారు. ఇవాళ రమ్మన్నారు, వెళ్ళాం. ఇద్దరి రక్తంలోనూ సీసం ఉంది. పెద్దవాళ్ళకైతే నరాలను, కడుపును పట్టుకుంటుందట. పిల్లలకైతే తలకు ఎక్కుతుందట. మాట, నడక, చదువు, అన్నీ తినేస్తుందట.

"మా యజమాని రోజూ పాలు ఇస్తాడండీ, ఒంటికి అంటకుండా" అన్నారు ఆయన. "ఒక్కరోజు కూడా మానలేదు నేను."

"పాలు తాగితే సీసం పోదయ్యా" అన్నారు డాక్టరమ్మ. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"మరి పిల్ల ఎప్పుడూ షెడ్డుకు రాలేదే! గుమ్మం కూడా తొక్కలేదు."

"అది రానక్కర్లేదు. నువ్వు తీసుకొస్తావు. జుట్టులో, చెప్పుల్లో, బట్టల్లో. ఆ దుమ్ము కంటికి కనపడదు." అప్పుడు నా వైపు తిరిగారు. "ఆయన బట్టలు ఎక్కడ ఉతుకుతావమ్మా? పిల్లవాటితో కలిపేనా?"

విడిగానే అని తలూపాను.

"షెడ్డు బట్టలు ఇంకేమైనా పిల్లకు అందేలా ఉంటున్నాయా? బాగా ఆలోచించి చెప్పు."

ఆయన ఒక పక్క, అత్తయ్య ఒక పక్క. తలుపు దగ్గర ఎవరెవరో. ఉతకని మగవాడి చొక్కా మంచం కింద దాచుకుంటాను అని ఎలా అనను? ఎందుకు అని అడుగుతారు. పిల్లకోసం అంటాను. పిల్లకోసమేనా అని ఎవరూ అడగరు, కానీ నా ముఖం చెప్పేస్తుంది.

లేదని తలూపాను.

మార్చి 23

అత్తయ్య ఇల్లంతా కడిగించింది. ఆయన చెప్పులు, సంచి, టిఫిన్ డబ్బా, చొక్కాలు, అన్నీ మూటగట్టి చెత్తబండికి ఇచ్చేసింది. ఇక ఆయన షెడ్డులోనే డ్రమ్ము నీళ్ళతో స్నానం చేసి, అక్కడి బట్టలు అక్కడే విడిచి, వేరేవి కట్టుకుని రావాలి. మాన్పించమని డాక్టరమ్మ చెప్పారు. ఇంకో పని దొరికేదాకా అన్నారు ఆయన.

మంచం కింది నీలం చొక్కా మూటలో పడలేదు. పరుపు కిందికి మార్చాను. మధ్యాహ్నం పిల్ల కిందపడి తల బాదుకుంటోంది, దాన్ని ఎలా పడుకోబెట్టను?

ఈ చొక్కా షెడ్డుకు వెళ్ళి వారం దాటింది. డాక్టరమ్మ అన్నది రోజూ వచ్చే దుమ్ము గురించి. దీని మీద ఉన్నదంతా ఈపాటికి రాలిపోయి ఉంటుంది.

ఏప్రిల్ 3

మందు గొట్టం మాత్రలు కుళ్ళిన గుడ్డు వాసన వేస్తున్నాయి. విప్పి, అరటిపండులో కలిపి పెడుతున్నాను. ఉమ్మేస్తోంది. ముక్కు మూసి మింగిస్తున్నాను. ఆ తరువాత ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లే దాకా వస్తుంది. అప్పుడు చొక్కా ఇస్తాను. కాసేపే. నిద్రపట్టగానే తీసేస్తాను.

దులిపాకే ఇస్తున్నాను.

ఏప్రిల్ 9

అత్తయ్య తన పాత చీర చింపి బొమ్మ కుట్టింది. కళ్ళకు రెండు గుండీలు, టైలరు కొట్టులో అడిగి తెచ్చిందట. పిల్ల బొమ్మను ఒకసారి చూసి వదిలేసింది. అత్తయ్య దాన్ని తీసి, దుమ్ము లేకపోయినా దులిపి, గూట్లో పెట్టింది. నా వైపు చూడలేదు. నన్ను మూగమ్మా అని పిలవడం ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు.

ఏప్రిల్ 21

మళ్ళీ రక్తం చూశారు. తగ్గలేదు. ఇంకా పెరిగింది.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. "మందు వేస్తున్నారు. ఇల్లు కడిగారు. మరి ఇదెక్కడినుంచి వస్తోంది?" అని ఆయన్నే చూశారు. ఆయన గోళ్ళు చూసుకుంటున్నారు.

ఇంటికి వచ్చాక అత్తయ్య విరుచుకుపడింది. "ఒళ్ళు సరిగ్గా కడుక్కుని చావమంటే వినవేంరా! రెండు చెంబులు గుమ్మరించుకుని పరిగెత్తుకొస్తున్నావా? పిల్లని ముద్దాడకుండా ఒకరోజు ఆగలేవా? నీ ముద్దులే దాని పాలిట విషమయ్యాయి కదరా!"

"కడుక్కుంటున్నానమ్మా."

"కడుక్కుంటే ఎలా పెరుగుతుంది? చెప్పు! గాల్లోంచి వస్తోందా?"

ఆయన మాట్లాడలేదు. మాట్లాడకపోవడం మా ఇంట్లో నా ఒక్కదాని పనే కాదని ఇవాళ తెలిసింది. నేను వంటగది గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. గోడ వెనక పరుపు, పరుపు కింద అది.

ఏప్రిల్ 24

ఆయన చేతులు గరుకురాయితో రుద్దుకుంటున్నారు. మోచేతుల దాకా చర్మం లేచిపోయింది. సబ్బు తగిలితే మంట పుడుతుంది కదా, పళ్ళు బిగించుకుని అదే రుద్దుతున్నారు.

సాయంత్రం రెండు జతల బట్టలు సర్దుకున్నారు. "నేను పొడుగాయన గదిలో ఉంటాను. నా వల్లే అయితే, నేను లేకపోతే తగ్గుతుంది కదా" అన్నారు.

నేను సరే అన్నాను.

సరే అన్నాను!

ఏప్రిల్ 26

రేపు ఉతికేస్తాను.

ఏప్రిల్ 27

రేపు.

ఏప్రిల్ 29

సాయంత్రం వాకిట్లో పిల్లను కూర్చోబెట్టి అన్నం పెడుతున్నాను. గేటు అవతల, వీధి దీపం స్తంభం పక్కన ఆయన. లోపలికి రాలేదు. చెయ్యి కూడా ఊపలేదు, ఊపితే దుమ్ము రాలుతుందేమోనన్నట్టు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు. పిల్ల చూసింది. గుర్తుపట్టిందో లేదో నాకు తెలియలేదు. ఒకప్పుడైతే వీధి చివర ఆయన తల కనిపిస్తే చాలు, వాడంతా వినపడేలా "నాన్నోచ్" అని అరిచేది.

అన్నం ముద్ద పిల్ల నోటికి అందించి, దానికి మూతి తుడిచి, లోపలికి వెళ్ళాను. పరుపు ఎత్తాను. చొక్కాను ప్లాస్టిక్ కవరులో కుక్కి, మూతి ముడి వేశాను. అత్తయ్య "ఏమిటే అది?" అంది. జవాబు చెప్పకుండా గేటు దాకా నడిచాను. నడుస్తూ ఏం చెప్పాలో కూర్చుకున్నాను, గేటు దగ్గరికి వచ్చేసరికి ఒక్కటీ మిగల్లేదు.

"మీ వల్ల కాదండీ" అన్నాను.

"ఏం కాదు?"

కవరు చూపించాను. నీలం రంగు కనిపిస్తోంది.

"ఎలా చెప్పాలో... కాదు, నేనే చెప్పాలి. పిల్ల దీంతోనే పడుకుంటుంది. రోజూ. మొదటినుంచి. డాక్టరమ్మ అడిగినప్పుడు కూడా ఉంది. కాలరు నోట్లో పెట్టుకుంటుంది. నేనే ఇచ్చాను. ఉతికితే వద్దంటుందని ఉతకలేదు. నాకూ..." అక్కడ ఆగిపోయాను. తరువాత అదీ అనేశాను. "నాకూ ఉతకబుద్ధి కాలేదు."

నా పెళ్ళయ్యాక ఒక్కసారిగా అన్ని మాటలు నేను అనడం ఆయన వినలేదు. వెనక వాకిట్లో అత్తయ్య వింది. పంపు దగ్గర ఆడవాళ్ళు విన్నారు.

ఆయన కొడతారేమో అనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన కవరు కోసం చెయ్యి చాపారు. మణికట్టు వేలాడుతోంది, పుచ్చుకోలేకపోయారు. రెండో చేత్తో పట్టుకున్నారు.

"నాదే కదా ఈ చొక్కా" అన్నారు.

మే 2

ఆయన నిన్న ఇంటికి తిరిగి వచ్చేశారు. డాక్టరమ్మతో నేనే చెప్పాను. అత్తయ్య చెబుతానంటే వద్దన్నాను. చెబుతున్నంతసేపూ బల్ల అంచు పట్టుకున్నాను.

ఆయన తెచ్చిన కవరును ఆవిడ విప్పకుండానే ఇంకో కవరులో పెట్టించి పంపించేశారు. "ఇంకెక్కడా లేదు కదా?"

"ఇంకెక్కడా లేదండీ. ఇంట్లో ఆయన వాసన ఉన్నది ఇంక ఆయనొక్కరే."

అన్నాక నాకే సిగ్గేసింది. ఎవరూ నవ్వలేదు.

మాటలు తిరిగి వస్తాయా అని అడిగాను. రక్తంలోది తగ్గుతుంది, ఎముకల్లోకి దిగింది నిదానంగా బయటికి వస్తూనే ఉంటుంది అన్నారు డాక్టరమ్మ. "పోయినవన్నీ వస్తాయని నేను చెప్పలేనమ్మా. నువ్వు మాత్రం దానితో మాట్లాడుతూ ఉండు. పొద్దస్తమానం. అది పలికినా పలకకపోయినా."

నాకే చెప్పాలా ఆ పని.

మే 5

మధ్యాహ్నం పరుపు ఎత్తి చూసింది. మంచం కింద పాకింది. గూట్లో వెతికింది. తరువాత ఏడుపు. టైలరు కొట్టుదాకా వినిపించిందట, అత్తయ్య సూది చేతిలోనే పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఇద్దరం దాన్ని పట్టుకోలేకపోయాం. నన్ను కరిచింది. కరిచిన చోట గుర్తు ఉంది. ఉండనీ.

మే 18

ఆయన షెడ్డు మానేశారు. చెయ్యి పట్టు ఇవ్వడం లేదు కాబట్టి వాళ్ళే వద్దన్నారు అని కూడా రాయాలి. ఒక గోదాము గేటు దగ్గర కూర్చునే పని దొరికింది. ఆయన జాగాలో కొలిమి దగ్గర ఇంకెవరినో పెట్టుకున్నారట. వాడికీ పిల్లలున్నారో లేదో.

పొడుగాయన వచ్చాడు. నేను వాకిట్లోకి వెళ్ళి, ఒళ్ళు కడుక్కోకుండా ఇంటికి వెళ్ళొద్దనీ, బట్టలు పిల్లల మీద వెయ్యొద్దనీ చెప్పాను. "వదిన ఇంత పెద్ద గొంతు ఎక్కడ దాచుకుందిరా" అన్నాడు. ఆ తరువాత నవ్వలేదు. తన చేతులు చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

జూన్ 7

రక్తంలో తగ్గింది. కొంచెమే. తగ్గింది.

జూన్ 15

మాట్లాడుతున్నాను. లేచినప్పటినుంచి. "ఇది గిన్నె. గిన్నెకు సొట్ట ఉంది. సొట్ట మీ నానమ్మ వల్ల పడింది, నేను వేశాననుకుంటుంది. ఇది చీపురు. అదిగో కాకి. కాకి ఎందుకు నల్లగా ఉందో నాకు తెలియదమ్మా, అప్పుడూ తెలియదు, అందుకే చెప్పలేదు." ఇలాగే. పంపు దగ్గర ఆడవాళ్ళు మూతులు దాచుకుని నవ్వుతున్నారు. మొదట్లో చెవులు వేడెక్కేవి. ఇప్పుడు వాళ్ళు నవ్వుతుంటే "చూడు, అత్తలు నవ్వుతున్నారు" అని అదీ చెబుతున్నాను.

పిల్ల నా నోటి వైపు చూస్తూ ఉంటుంది. వినిపిస్తోంది దానికి. చూస్తుంది, చూసి తల తిప్పుకుంటుంది.

సాయంత్రానికి గొంతు బొంగురుపోతోంది. అత్తయ్య వేడినీళ్ళు తెచ్చిపెట్టి, "తాగవే. ఇంకా రేపటికి కావాలి కదా" అంది.

జూన్ 30

ఇవాళ ఏమీ లేదు.

జూలై 4

ఇవాళా లేదు. గుండీ కళ్ళ బొమ్మను కాలితో తొక్కి నడిచింది. పడిపోలేదు. నడక కుదురుకుంటోంది.

జూలై 10

ఆదివారం. మధ్యాహ్నం ముగ్గురం గదిలోనే ఉన్నాం. అత్తయ్య ఇంటికి తెచ్చుకున్న గుండీలు కుడుతోంది. ఆయన కిటికీ దగ్గర ఎడం చేత్తో కుడి మణికట్టు పైకెత్తి పట్టుకుని కూర్చున్నారు, డాక్టరమ్మ చెప్పిన కసరత్తు. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతూ, ఇది రాయి, ఇది బియ్యం, అని చెబుతూనే ఉన్నాను.

పిల్ల మంచం దగ్గరికి వెళ్ళింది. ఎన్నాళ్ళుగానో అటు పోవడం మానేసింది. బోర్లా పడుకుని కిందికి చెయ్యి పెట్టి నేలంతా తడిమింది. లేచింది. నా వైపు తిరిగింది.

"చొక్కా" అంది.

ఆయన చెయ్యి వదిలేశారు. అత్తయ్య సూది గుడ్డలో సగం దిగి ఆగిపోయింది. నేను మాట మధ్యలో ఉన్నాను, అది ఏ మాటో ఇప్పుడు గుర్తులేదు.

"లేదమ్మా" అన్నాను.

"చొక్కా" అంది మళ్ళీ. పెదవి వణుకుతోంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఎత్తుకోవాలి. ఊరుకోబెట్టాలి. ఎవరం కదల్లేదు. ఇంకోసారి అంటుందేమోనని, ముగ్గురం దాని నోటి వైపే చూస్తూ కూర్చున్నాం.